రెండు చార్టులు, రెండు లెక్కలు: చెత్త మట్టిలో ఏమవుతుందో పిల్లలకు ఎలా చూపించాలి?

పటమట పంతులమ్మ (విజయవాడ)
6 జూలై 2025

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగు, అయిదు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెబుతాను. మా తరగతి గోడ మీద చెత్త గురించిన చార్టు ఒకటి ఏళ్ల తరబడి వేలాడుతోంది. మట్టిలో కలవడానికి అరటి తొక్కకు ఒక నెల, వార్తాపత్రికకు ఆరు వారాలు, ప్లాస్టిక్ సీసాకు 450 సంవత్సరాలు పడుతుందని అందులో బొమ్మలు వేసి మరీ ఉంటుంది. ఈ ఏడాది ఒక దాత మరో చార్టు ఇస్తే దాన్ని పాతదాని పక్కనే తగిలించాను. అందులో అరటి తొక్కకు రెండేళ్లు, సీసాకు వెయ్యేళ్లు అని ఉంది. నేను గమనించలేదు గాని పిల్లలు రెండు రోజుల్లోనే పట్టేశారు. "టీచర్, పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక ఆ పూటకు రెండు చార్టులనూ దించి బీరువాలో పెట్టాను.

ఈసారి చార్టులతో పని లేకుండా పాఠశాల వెనక ప్రహరీ గోడ పక్కనున్న కాస్త ఖాళీ స్థలంలో నిజంగానే వస్తువులు పాతించి, దీపావళి దాటాక తవ్వించాలని అనుకుంటున్నాను. తరగతిలో 38 మంది ఉన్నారు. ఏవి పాతాలి, ఎంత లోతున పాతాలి, ఎన్నిసార్లు తవ్వి చూడాలి, ఎలా కొలవాలి అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

రేగడి నేల (గుంటూరు)
6 జూలై 2025

పంతులమ్మ గారూ, చార్టులు దించి మంచి పని చేశారు. మట్టి నమూనాలు పరీక్షించే ఉద్యోగంలో పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సీసా విషయంలో రెండు చార్టులలో ఏదీ కళ్లతో చూసి రాసినది కాదు. వాడుకకు పనికొచ్చే రీతిలో పాలిథిన్ తయారైనది 1933లో. మనం నీళ్లు, కూల్‌డ్రింకులు తాగే రకం ప్లాస్టిక్ సీసాకు పేటెంటు 1973లో వచ్చింది. కాబట్టి అలాంటి సీసా ఒకటి 450 ఏళ్లు మట్టిలో ఉండగా చూసినవారు ఎవరూ ఉండే అవకాశం లేదు. ప్రయోగశాలలో కొన్ని నెలలపాటు మట్టిలో ఉంచి, దాని నుంచి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎంత వచ్చిందో కొలిచి, ఆ వేగంతోనే సాగితే మొత్తం పోవడానికి ఎంతకాలం పడుతుందని అంచనా వేస్తారు. మొదటి కొలతలో చిన్న తేడా ఉన్నా చివరి సంఖ్యలో వందల సంవత్సరాల తేడా వస్తుంది. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పవచ్చు, వాళ్లకు బాగానే అర్థమవుతుంది.

అరటి తొక్క సంగతి వేరు. అక్కడ రెండు చార్టులూ నిజం కావచ్చు. మా గుంటూరు ప్రాంతపు నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి పట్టేంత వెడల్పున బీటలు వారుతుంది. ఆ పొడి నేలలో పడిన తొక్క ఎండి తోలులా బిగుసుకుపోయి జూన్ దాకా అలాగే ఉంటుంది. అదే తొక్కను ఆషాఢంలో రెండు వానలు పడ్డాక జానెడు లోతున పాతితే నెల తిరక్కుండానే ఆనవాలు దొరకదు. కుళ్లబెట్టేది కాలం కాదు, సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి, గాలి కావాలి, ఒక మోస్తరు వెచ్చదనం కావాలి. ఈ మూడింటిలో ఒకటి కరువైనా పని నిలిచిపోతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త 1973లో చెత్త మీద పరిశోధన మొదలుపెట్టి, తరవాతి కాలంలో పెద్ద పెద్ద చెత్త దిబ్బలను తవ్వించారు. దశాబ్దాల కిందట పూడ్చిన వార్తాపత్రికలు హాయిగా చదువుకునేలా బయటపడ్డాయి. మీ చార్టు ప్రకారం ఆరు వారాలలో పోవలసిన వస్తువది!

పెరటి చెట్టు (తెనాలి)
7 జూలై 2025

రేగడి నేల గారు చెప్పినది చదివాక నాకు మా అత్తగారి పెంటకుప్ప గుర్తొచ్చింది. ఆవిడ బడికి వెళ్లినది తక్కువే అయినా వస్తువులు పాడయ్యే తీరు చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్నన్ని మాటలు మన పాఠ్యపుస్తకాలలో లేవు. పుస్తకంలో అన్నిటికీ ఒక్కటే మాట, "విచ్ఛిన్నం కావడం". ఇంట్లో అలా ఎవరంటారు?

పండు కుళ్లుతుంది. గాలి తగలక నిలవనీటిలో నానినది మురుగుతుంది. ముతక గుడ్డ, నులక తాడు చీకిపోతాయి. గింజ, కర్ర పుచ్చిపోతాయి. రొట్టెకు బూజు పడుతుంది, ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము పడతాయి. తలుపు చెక్కకు చెద పడుతుంది. పేడ, గడ్డి చివికి ఎరువవుతాయి. డాబా మీద ఎండకు వదిలేసిన ప్లాస్టిక్ బకెట్టు మాత్రం పెళుసుబారుతుంది, అంటే పట్టుకుంటే ముక్కలవుతుంది గాని ఆ ముక్కలు ఎక్కడికీ పోవు. ఈ మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క రకం పనిని చెబుతోంది. కుళ్లడానికీ మురగడానికీ మధ్యనున్న తేడా గాలి ఆడటం, ఆడకపోవడం. చీకడంలో మొదట పోయేది బలం, ఆకారం తరవాత పోతుంది. తుప్పులో ప్రాణి ప్రమేయమే లేదు, గాలీ తడీ చాలు.

కాబట్టి పంతులమ్మ గారికి నా సలహా ఏమిటంటే, తవ్వి తీసిన ప్రతి వస్తువు దగ్గరా "ఎన్ని రోజులకు పోయింది" అని కాకుండా "దీనికి ఏమైంది" అని అడగండి. పిల్లలు ఇంట్లో విన్న మాటనే వాడనివ్వండి. ఎవరింటి మాట వారిది. పల్నాడు వైపు నుంచి వచ్చిన పిల్లలు మరో మాట చెప్పినా చెప్పవచ్చు, దాన్నీ రాసుకోండి.

లెక్కల మాస్టారు (గుంటూరు)
7 జూలై 2025

మాటలు బాగున్నాయి గాని కొలత కూడా ఉండాలని నా పట్టుదల. తూకం వేయాలంటే అందరూ చేసే తప్పు ఒకటుంది. మట్టి నుంచి తీసిన వస్తువును అలాగే కాటాలో పెడితే అంటుకున్న మట్టీ, పీల్చుకున్న తడీ కలిసి మొదటికన్నా ఎక్కువ బరువు తూగుతుంది. వార్తాపత్రిక ముక్క నెల తరవాత బరువు పెరిగిందని మా పిల్లలు ఒకసారి నిజాయితీగా రాశారు. అందువల్ల పాతేముందు ఎండబెట్టి తూచాలి, తీశాక మెల్లగా కడిగి, మళ్లీ అలాగే ఎండబెట్టి తూచాలి.

మెత్తబడి ముక్కలయ్యే ఆకులు, కాగితాలు మట్టిలో కలిసిపోయి దొరకకుండా పోతాయి. వాటికోసం దోమతెర గుడ్డతో అరచేతి వెడల్పున చిన్న సంచులు కుట్టించండి. అడవులలో రాలిన ఆకులు ఎంత వేగంగా చివుకుతాయో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడేది కూడా ఇలాంటి జాలీ సంచులనే. చిన్న తరగతులకు తూకం కష్టమనిపిస్తే గడుల కాగితం మీద ఆకు అంచు వెంబడి గీత గీయించి, లోపలి గడులు లెక్కపెట్టించండి. నెల తరవాత మిగిలిన ముక్కను అదే కాగితం మీద పరచి మళ్లీ లెక్కపెట్టాలి. అయిదో తరగతి వైశాల్యం పాఠం కూడా పనిలో పనిగా పూర్తవుతుంది.

రేగడి నేల (గుంటూరు)
7 జూలై 2025

మాస్టారి సంచులతో ఒక చిన్న జాగ్రత్త. దోమతెర రంధ్రాలలో నుంచి సూక్ష్మజీవులు వెళతాయి గాని పెద్ద వానపాములు, చెదపురుగులు అంత తేలికగా వెళ్లలేవు. అందువల్ల ప్రతి వస్తువునూ ఒకటి సంచిలో పెట్టి, ఒకటి సంచి లేకుండా పాతించండి. రెండింటి మధ్య తేడా కనిపిస్తే పురుగుల వాటా ఎంతో తెలుస్తుంది.

అయిదో అంతస్తు (భవానీపురం)
8 జూలై 2025

నేను తండ్రిగా నా గోడు చెప్పుకోవాలి. పోయినేడు మా అబ్బాయి చదివే బడిలో ఇదే పనిని ఇంటిదగ్గర చేసుకు రమ్మన్నారు. మాది అపార్ట్‌మెంటు. బాల్కనీలో పాత పెయింటు బకెట్టులో మట్టి నింపి, తొక్కలూ అన్నమూ పాతాం. రోజూ భక్తితో నీళ్లు కూడా పోశాం. పది రోజులకు లేచిన కంపుకు పక్కవాటావారు మా తలుపు కొట్టారు. అర్ధరాత్రి ఆ బకెట్టును నేనే కిందికి మోసుకుపోయి పారబోశాను. మరునాడు పిల్లవాడికి మార్కుల కోసం మేమే ఊహించి పట్టిక నింపాం. పిల్లవాడు నేర్చుకున్నదల్లా పట్టికను ఎలా నింపాలో!

పెరటి చెట్టు (తెనాలి)
8 జూలై 2025

ఆ బకెట్టుకు అడుగున చిల్లులు పెట్టారా?

అయిదో అంతస్తు (భవానీపురం)
8 జూలై 2025

పెట్టలేదండీ. అయితే మాది మురిగినదన్నమాట, కుళ్లినది కాదు. ఈ ఒక్క ముక్క పోయినేడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

తడి పొడి (విజయవాడ)
9 జూలై 2025

ఇంటింటి తడి చెత్తతో ఎరువు తయారుచేసే చోట కొన్నేళ్లు పనిచేశాను. పిల్లల చేత పాతించకూడనివి ముందు చెబుతాను. బ్యాటరీ సెల్లులు, ట్యూబులైటు ముక్కలు, మాత్రల అట్టలు, బ్లేడ్లు, పగిలిన గాజు వద్దు. మాంసం, చేప, నూనె కూరలు కూడా వద్దు. వాటికోసం కుక్కలూ పందికొక్కులూ ఆ రాత్రికే తవ్వుకుపోతాయి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించడం మరవకండి.

ఇక పాతవలసినవాటిలో నేను గట్టిగా సిఫారసు చేసేవి కాగితంలా కనిపిస్తూ కాగితం కానివి. టీ బడ్డీలో ఇచ్చే కాగితపు కప్పు లోపల తడి తగలకుండా పలుచటి పాలిథిన్ పొర ఉంటుంది. విందులలో వాడే వెండిరంగు పేపరు ప్లేటు మీద మెరిసేది కూడా చాలావరకు ప్లాస్టిక్ పొరే. వీటి పక్కనే మోదుగాకులతో కుట్టిన విస్తరిని పాతించండి. చిప్సు ప్యాకెట్టు, పాల ప్యాకెట్టు, నూలు చేతిరుమాలు, పాలియెస్టరు గుడ్డ ముక్క, ఐస్‌క్రీము చెక్క పుల్ల, కొబ్బరి పీచు, కోడిగుడ్డు పెంకు, ఇనుప మేకు కూడా ఉండాలి.

"మట్టిలో కలిసిపోతుంది" అని రాసివున్న సంచులతోనూ జాగ్రత్తగా ఉండండి. ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ధ్రువీకరించిన కంపోస్టబుల్ (ఎరువుగా మారే) సంచి కూడా పెద్ద ఎరువు కేంద్రాలలో ఉండే 58 డిగ్రీల వంటి వేడిని దృష్టిలో పెట్టుకుని చేసినది. పెరటి మట్టిలో అంత వేడి ఉండదు కాబట్టి అది నెలల తరబడి అలాగే ఉండవచ్చు.

పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, చెవిపుల్లల వంటివాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించి, సీసాలను ఎందుకు వదిలేశారని అడుగుతారు. సీసాను ఏరి అమ్ముకునేవారున్నారు, స్ట్రాను వంగి ఏరేవారు లేరు అని చెబితే సరిపోతుంది.

బందరు కాలువ గట్టు
9 జూలై 2025

అసలు పిల్లల చేత మట్టిలో ప్లాస్టిక్ పాతించడం ఏమిటండీ? చెయ్యొద్దని చెప్పే పనినే దగ్గరుండి చేయిస్తున్నట్లు కాదా?

పటమట పంతులమ్మ (విజయవాడ)
9 జూలై 2025

మీ అభ్యంతరం న్యాయమైనదే. ప్రతి వస్తువుకూ ఒక దారం కట్టి, దాని కొసకు సంఖ్య రాసిన చీటీ తగిలించి, ఆ దారం నేల మీదికి వచ్చేలా పాతిస్తాం. పాతినవాటి జాబితా ఉంటుంది. చివరి రోజున జాబితాతో సరిపోల్చుకుని మిగిలిన ప్లాస్టిక్‌నంతా పైకి తీసి పొడి చెత్తలో వేస్తాం.

సున్నపు తేట (గుంటూరు)
11 జూలై 2025

జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. పైన అందరూ మట్టిలో ఏం మిగిలిందనే చూస్తున్నారు గాని పోయినది ఎక్కడికి పోయిందని అడగలేదు. మా ఇంటర్ విద్యార్థులలో కూడా చాలామంది అరటి తొక్క "మట్టి అయిపోయింది" అంటారు. నిజానికి దానిలో అధికభాగం నీళ్లు. మిగిలినదానిలో ఉన్న కర్బనంలో చాలావరకు సూక్ష్మజీవుల శ్వాస ద్వారా బొగ్గుపులుసు వాయువై గాలిలోకే పోతుంది. మట్టిలో మిగిలేది కొంచెమే.

దీన్ని తాంబూలపు సున్నంతోనే చూపించవచ్చు. సున్నాన్ని నీళ్లలో కలిపి ఒక రాత్రి కదపకుండా ఉంచితే పైకి తేరే నీరే సున్నపు తేట. బొగ్గుపులుసు వాయువు తగిలితే అది తెల్లబడుతుంది. గట్టి మూతలున్న మూడు పచ్చడి సీసాలు తీసుకోండి. ఒకదానిలో తడిమట్టిలో కలిపిన తొక్క ముక్కలు, రెండోదానిలో తడిమట్టిలో కలిపిన పాల ప్యాకెట్టు ముక్కలు, మూడోదానిలో ఒట్టి తడిమట్టి వేసి, ప్రతి సీసాలోనూ ఒక చిన్న గిన్నెలో సున్నపు తేట ఉంచి బిగించండి. తొక్కలున్న సీసాలో తేట ముందుగా పాలలా తెల్లబడుతుంది. ఒట్టి మట్టి ఉన్న సీసాలో కూడా ఆలస్యంగా కొంత తెల్లబడుతుంది, ఎందుకంటే మట్టిలోనూ ప్రాణులున్నాయి. ప్లాస్టిక్ ముక్కలున్న సీసాలో తెలుపు ఒట్టి మట్టి సీసాలో ఉన్నంతే ఉంటుంది గాని అంతకన్నా పెరగదు. మూడో సీసా లేకపోతే "ప్లాస్టిక్ కూడా కుళ్లుతోంది" అని పిల్లలు పొరబడతారు. సున్నపు తేట కంట్లో పడితే ప్రమాదం కాబట్టి గిన్నెలు మాత్రం పెద్దవారే పెట్టాలి.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)
12 జూలై 2025

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధిని ముంచినప్పుడు ఇంట్లో అడుగున్నర మందాన ఒండ్రు పేరుకుంది. దాన్ని తోడి పెరట్లో పోశాం. మొన్న వంగ మొక్కలు నాటడానికి తవ్వితే మా అమ్మాయి పాత బడి గుర్తింపు కార్డు దొరికింది. లామినేషన్ చేసిన కార్డు కాబట్టి లోపలి కాగితం మీద ఫొటోతో సహా చెక్కు చెదరలేదు. దానితో పాటే కొట్టుకుపోయిన నోటుపుస్తకాల అట్టల జాడ కూడా లేదు. పంతులమ్మ గారు కావాలంటే లామినేషన్ చేసిన కాగితం ఒకటి, చెయ్యనిది ఒకటి పాతించి చూడవచ్చు.

పెరటి చెట్టు (తెనాలి)
20 ఆగస్టు 2025

పంతులమ్మ గారూ, వచ్చే వారమే వినాయక చవితి. పూజ మరునాడు పత్రిని కాలువలో వేయకుండా పిల్లల చేత పాఠశాలకు తెప్పించండి. 21 రకాల ఆకులు ఒకేచోట, ఒకేరోజు, ఖర్చు లేకుండా మరెప్పుడు దొరుకుతాయి? గరిక, తులసి, ఉమ్మెత్త వంటి లేతవి ముందు పోతాయి. మామిడి, గన్నేరు, మద్ది వంటి దళసరి ఆకులు నిలుస్తాయి. రావి ఆకు మాత్రం మధ్య కండ పోయి ఈనెలు మాత్రమే జాలీలా మిగిలినప్పుడు చూసి తీరాలి.

పటమట పంతులమ్మ (విజయవాడ)
7 సెప్టెంబరు 2025

ఆలస్యానికి మన్నించండి. జూలై 12న పాతాం, నిన్న రెండోసారి తవ్వాం. అరటి తొక్క మొదటిసారి తవ్వినప్పుడే నల్లటి పీచుగా మారిపోయింది, నిన్న దొరకనే లేదు. చేతిరుమాలు చూడటానికి గుడ్డలాగే ఉంది గాని ఒక పిల్లవాడు రెండు కొసలూ పట్టుకుని లాగితే అప్పడంలా చిరిగింది. "చీకింది టీచర్!" అని నలుగురు ఒకేసారి అన్నారు. ఆ మాట నేను నేర్పలేదు.

ఒక పెద్ద పొరపాటు కూడా బయటపడింది. చీటీలు కట్టడానికి నేను పూలు కట్టే నూలు దారం వాడాను. ఆ దారాలు మట్టిలో ఉన్నంత మేరా చీకిపోయి, చాలా చీటీలు నేల మీదే విడిగా పడివున్నాయి. ఏ సంఖ్య ఏ వస్తువుదో ఇప్పుడు నా పటం చూసి చెప్పుకోవలసి వస్తోంది. మొదటే నైలాను దారం కట్టవలసిందని అయిదో తరగతి అమ్మాయి నాకు బోధించింది. పత్రి సంచులు కూడా పాతాం, అవి కార్తీకంలో చూస్తాం.

లెక్కల మాస్టారు (గుంటూరు)
7 సెప్టెంబరు 2025

ఆ దారాలనే ఒక వస్తువుగా పట్టికలో రాయించండి. పాతిన వస్తువులలో ఎక్కువ సంఖ్యలో ఉన్నది అదే.

పటమట పంతులమ్మ (విజయవాడ)
9 నవంబరు 2025

నిన్న చివరి తవ్వకం పూర్తయింది. పాతి నాలుగు నెలలు కావస్తోంది. చూసినది చూసినట్లు రాస్తున్నాను.

మోదుగ విస్తరిలో ఆకులు పొడిపొడిగా రాలిపోయాయి గాని కుట్టిన పుల్లలు చాలావరకు అలాగే ఉన్నాయి. వార్తాపత్రిక సంచిలో పెట్టినది బూడిదరంగు ముద్దగా మిగిలింది, సంచి లేకుండా పాతినది ఏమీ మిగలలేదు. అక్కడ చెదపురుగుల మట్టి గూళ్లు కనిపించాయి కాబట్టి రేగడి నేల గారి లెక్క సరిపోయింది. ఐస్‌క్రీము పుల్ల నల్లబడింది, కొబ్బరి పీచు నిన్న పాతినట్లే ఉంది. ఇది పిల్లలకు కొంత అన్యాయంగా తోచింది. చెట్టు నుంచి వచ్చినదంతా త్వరగా పోవాలని వాళ్లు లెక్క కట్టుకున్నారు. పీచులోనూ చెక్కలోనూ ఉండే లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విడగొట్టగలిగేవి ముఖ్యంగా కొన్ని రకాల శిలీంధ్రాలేనని, వాటికి ఎక్కువకాలం పడుతుందని చెప్పాను. రావి ఆకు జాలీ చూపించాక ఆ మాట నమ్మారు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది రెండు వస్తువుల మీద. మొదటిది కుట్టుపని ఉన్న పాత నూలు చొక్కా ముక్క. గుడ్డ మొత్తం పోయి, కుట్టిన పాలియెస్టరు దారం మాత్రం చొక్కా చేతి ఆకారంలో మట్టిలో నిలబడివుంది. దాన్ని చెదరకుండా పైకి తీయడానికి అరగంట పట్టింది. రెండోది కాగితపు కప్పు. కాగితం పోయి, లోపలి పొర ఒక్కటీ పాము కుబుసంలా, కప్పు ఆకారంలోనే చేతికి వచ్చింది. రోజూ టీ బడ్డీ దగ్గర తండ్రి చేతిలో చూసే కప్పులో ప్లాస్టిక్ ఉందంటే నిన్నటిదాకా వాళ్లెవరూ ఒప్పుకోలేదు.

పాల ప్యాకెట్టు మీద అచ్చు అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఎండలో పడివున్న ప్యాకెట్టు ఒకటి గోడ పక్కన దొరికితే అది మాత్రం పెళుసుబారి పొడిగా రాలింది. పాతినదానికి ఎండ తగలకపోవడం వల్లే అలా నిక్షేపంగా ఉందని చెప్పాను. రాలిన పొడి ఎక్కడికి పోతుందని అడిగారు. మట్టిలోనే ఉంటుంది, నీటిలోకి పోతుంది, కంటికి కనిపించదు అన్నాను. అంతకు మించి నాలుగో తరగతికి చెప్పబుద్ధి కాలేదు.

గోడ మీద ఇప్పుడు పిల్లలు రాసిన కొత్త చార్టు ఉంది. అందులో సంవత్సరాలు లేవు. "కుళ్లినవి, చీకినవి, పుచ్చినవి, చెద తిన్నవి, తుప్పు పట్టినవి, ఏమీ కానివి" అనే గడులున్నాయి. చివరి గడి నిండిపోయి పక్క కాగితం మీదికి వెళ్లింది.

రేగడి నేల (గుంటూరు)
10 నవంబరు 2025

చదువుతుంటే నేనూ ఆ పిల్లలతో కూర్చుని తవ్వినట్లుంది. మీకు చెప్పకుండా నేను కూడా మా పెరట్లో మనవరాలితో కలిసి అవే వస్తువులు జూలైలోనే పాతాను. మీది కృష్ణ ఒండ్రు కలిసిన నేల, మాది అచ్చమైన రేగడి. ఫలితాలలో తేడా ఉంది. ఆగస్టు, సెప్టెంబరు వానలకు మా మట్టి ఉబ్బి, సందులు మూసుకుపోయి, నీరు ఇంకక నిలిచింది. గాలి ఆడకపోవడంతో అరటి తొక్క సెప్టెంబరులో కూడా నల్లటి జిగురుగా, మురుగు కంపుతో ఉంది. వానలు తగ్గి నేల కొంచెం ఆరాకనే మిగతా పని సాగింది. మీ దగ్గర దొరకని తొక్క మా దగ్గర అక్టోబరు దాకా ఉందన్నమాట.

గుడ్డు పెంకు గురించి మీరు రాయలేదు. మా పెరట్లో అది ఎలా పాతామో అలాగే ఉంది. అది సున్నపు పదార్థం. ఆమ్లగుణం ఉన్న నేలలో మెల్లగా కరుగుతుంది గాని మా రేగడిలో సున్నం పాలు ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. అలాంటి నేలలో దాన్ని కరిగించేది ఏదీ లేదు. మీ పిల్లలు దాన్ని ఏ గడిలో రాశారు?

పటమట పంతులమ్మ (విజయవాడ)
10 నవంబరు 2025

"ఏమీ కానివి" గడిలో ప్లాస్టిక్ పక్కన రాసి, ఇద్దరు పిల్లలు ఒప్పుకోకపోవడంతో ప్రశ్నార్థకం పెట్టారు. మీ జవాబు రేపు చదివి వినిపిస్తాను.

ఒక సంగతి మిగిలిపోయింది. జాబితా ప్రకారం 14 కాగితపు కప్పులు పాతాం, 13 పొరలే దొరికాయి. అన్నీ పైకి తీస్తామని ఇక్కడే మాట ఇచ్చాను. మొన్న సాయంత్రం బడి గంట కొట్టాక కూడా అయిదుగురు వెతుకుతూనే ఉన్నారు.

తడి పొడి (విజయవాడ)
10 నవంబరు 2025

ప్రహరీ గోడ పునాది వెంబడి పందికొక్కు బొరియలు ఉన్నాయేమో చూడండి. గూడులో పరుచుకోవడానికి గుడ్డ పీలికలు, కాగితాలు, ప్లాస్టిక్ పొరలు లాక్కుపోవడం వాటికి అలవాటు. పిల్లలను చేతులు పెట్టనివ్వకండి, పొడవాటి కర్రతో పెద్దవారే కదిపి చూడాలి.

పటమట పంతులమ్మ (విజయవాడ)
11 నవంబరు 2025

దొరికింది. మీరు చెప్పినట్లే బొరియ మొదట్లోనే, సగం కొరికి ఉంది. మిగతా సగాన్ని "దొరకనిది" అని పట్టికలో రాసుకున్నాం.